చేదు పలుకు

వేయించిన వేరుశనగ పలుకులు గుప్పెడు నోట వేసికొని నములుచుండగా నడుమ ఒక్కటి చేదుగా తగిలినచో, ఎవరును చెప్పకయే, చిన్నపిల్లలు సహితము దానిని ఉమిసివేయుదురు. బూజు పట్టిన గింజ తినదగినది కాదను తరతరముల అనుభవమే ఆ క్షణమున నాలుకపై నిలిచి మనలను కాపాడుచున్నది. కాని ఆ బూజు పుట్టించు విషములలోకెల్ల ఘోరమైనదానికి రుచి లేదు, వాసన లేదు. వేయించినను ఉడికించినను అది పూర్తిగా నశింపదు. కొంచెము కొంచెముగా తినువానికి అప్పటికప్పుడు ఏ బాధయు కలిగింపక, ఏండ్లు గడచిన పిమ్మట కాలేయములో రాచపుండై బయటపడవచ్చును. నాలుకకు చిక్కని ఇట్టి విషమొకటి కలదని మానవులకు తెలిపినవి సీమదేశపు పక్షులు. అది రాచపుండును పుట్టించునను భయంకర సత్యమును తెలిపినవి ఎలుకలు. ఆ ఎలుకలు ఏమి చెప్పినవి, వాని మాటను మనము ఎంతవరకు నమ్మవచ్చును, నమ్మిన పిమ్మట చేయవలసిన దేమి అను మూడు ప్రశ్నలకు సమాధానమే ఈ అధ్యాయము.

లక్ష పక్షుల మరణము

1960వ సంవత్సరమున ఇంగ్లండు దేశములో, పండుగ విందులకై పెంచబడుచున్న టర్కీ కోడిపిల్లలు మేత మాని, రెక్కలు వ్రేలవేసి, వారము తిరుగకుండ గుంపులు గుంపులుగా చావసాగినవి. కొన్ని మాసములలో లక్షకు పైగా పక్షులు నశించినవి. బాతుపిల్లలకును అదే గతి పట్టినది. పశువైద్యులు చచ్చిన పక్షులను కోసి చూచినప్పుడు, కాలేయములు లోలోపల రక్తము చిమ్మి చివికిపోయి కనబడినవి. కాని ఎంత వెదకినను వ్యాధికారకమైన సూక్ష్మజీవి ఏదియు దొరకలేదు. ఒక పక్షినుండి మరియొకదానికి వ్యాధి అంటుకొనను లేదు. కారణము తెలియని దగుటచే దానికి ‘టర్కీ ఎక్స్ వ్యాధి’ అని పేరిడిరి. చచ్చిన మందలన్నిటికిని ఉమ్మడిగా కనబడిన విషయ మొక్కటియే: వాని మేతలో కలిపిన వేరుశనగ పిండి. అది నూనె తీసిన పిమ్మట మిగిలిన చెక్కను పొడిచేసి, బ్రెజిలు దేశమునుండి ఓడలపై తెచ్చిన సరకు.

రసాయనశాస్త్రజ్ఞులు ఆ పిండినుండి సారమును తీసి, వడపోసి, భాగములుగా విడదీసి, ప్రతి భాగమును ఒక్కరోజు వయస్సు గల బాతుపిల్లలకు పెట్టి, ఏ భాగము వాని కాలేయమును చెరుచుచున్నదో చూచుచు, విషమును క్రమక్రమముగా ఒక మూలకు తరిమి పట్టుకొనిరి. అది మొక్క పుట్టించిన విషము కాదు. గింజపై పెరిగిన ‘ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్’ అను పసుపుపచ్చ ఆకుపచ్చ కలిసిన బూజు స్రవించిన విషము. ఆ బూజు పేరులోని అక్షరములనే కూర్చి దానికి అఫ్లటాక్సిన్ అని నామకరణము చేసిరి. అతినీలలోహిత కాంతిలో పెట్టినప్పుడు నీలముగా మెరయు జాతికి బి అనియు, ఆకుపచ్చగా మెరయు జాతికి జి అనియు గుర్తులిడిరి. వీనిలో బి1 అనునది అన్నిటికంటె తీవ్రమైనది.

ఎలుకలు పలికిన మాట

టర్కీ పక్షుల సాక్ష్యము స్పష్టమైనదే కాని, అది ఒక ప్రశ్నకు మాత్రమే సమాధానము. ఎక్కువ విషము తిన్నచో త్వరలో చత్తురని అవి చెప్పినవి. తక్కువ విషమును చాలకాలము తిని, చావక బ్రదికియున్న ప్రాణికి ఏమగును? లోకములో వేరుశనగ తిను కోట్లాది జనులకు నిజముగా కావలసిన సమాధానము ఇది. వారము దినములలో చచ్చిపోవు పక్షి దీనిని చెప్పజాలదు. డెబ్బది యేండ్లు బ్రదుకు మనుష్యుని అడుగుదమన్నచో, అడిగినవాడే ఆ సమాధానము వినుటకు మిగులడు.

ఆ వేరుశనగ పిండినే నూటికి ఇరువది పాళ్లు మేతలో కలిపి లాంకాస్టరు, జెంకిన్సు, ఫిల్పు అను శాస్త్రజ్ఞులు ఇంగ్లండులో ఎలుకలకు ఆరు మాసములు పెట్టిరి. ఫలితమును 1961వ సంవత్సరపు చివర ప్రకటించిరి. పదునొకండు ఎలుకలలో తొమ్మిదింటి కాలేయములలో కణితులు లేచినవి. రెండింటిలో అవి ఊపిరితిత్తులకు సహితము ప్రాకినవి. అంతవరకు కోళ్లఫారముల నష్టముగా భావింపబడిన విషయము ఆ దినమునుండి మానవారోగ్య సమస్యగా మారిపోయినది.

ఇంతటి ప్రశ్నకు ఎలుకనే ఏల ఎన్నుకొనవలెను? ప్రయోగశాలలోని తెల్ల ఎలుక మన ధాన్యపు కొట్లలో తిరుగు జీవమునకు జ్ఞాతియే అయినను, అనేక తరములుగా మనుష్యుని చేతిలో పెరిగి సాధువైన జంతువు. 1906వ సంవత్సరము మొదలుకొని అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరపు విస్టార్ సంస్థలో పెంచబడిన వంశము నేడు లోకమంతటను విస్టార్ ఎలుకలను పేర ప్రసిద్ధము. ఎలుక గర్భము మూడు వారములు. ఈతకు ఎనిమిది పది పిల్లలు. ఆయువు రెండు మూడేండ్లు. కావున మనుష్యునిలో ఒక జీవితకాలము పట్టు వ్యాధిని ఎలుకలో రెండేండ్లలో మొదలునుండి తుదవరకు చూడవచ్చును. ఒకే వంశమువి, ఒకే వయస్సువి అయిన ఎలుకలను రెండు గుంపులుగా చేసి, ఒకే గదిలో, ఒకే వెలుతురులో, ఒకే మేతతో పెంచి, ఒక గుంపు మేతలో మాత్రము విషము కలిపినచో, తుదకు కనబడు భేదమునకు ఆ విషమే కారణమని ధైర్యముగా చెప్పవచ్చును. ఎలుక వాంతి చేసికొనలేని జంతువు. మ్రింగినది బయటకు రాదు గనుక ఎంత తిన్నదో లెక్కకు తప్పదు. ఇక తుదిపరీక్షలో సూక్ష్మదర్శినిక్రింద కాలేయపు ముక్కలను చూచు వైద్యునికి, ఏ ముక్క ఏ గుంపుదో ముందుగా తెలియకుండ దాచుట మంచి పద్ధతి. మనస్సులోని ఊహ కంటిని మోసగింపకుండ అది కాచును.

మోతాదు లెక్క

విషము ఉన్నదనుట వేరు, ఎంత విషము ఎంత కీడు చేయుననుట వేరు. ఈ రెండవదానిని తేల్చుటకు అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక సంస్థలో వోగన్ అను శాస్త్రజ్ఞుడును అతని సహచరులును చేసిన పరిశోధన 1974వ సంవత్సరమున వెలువడినది. వారు ఫిషర్ జాతి మగ ఎలుకలకు, శుద్ధిచేసిన అఫ్లటాక్సిన్ బి1ను అయిదు వేరువేరు పాళ్లలో, ఒక గుంపునకు ఏమియు లేకుండ, జీవితకాలమంతయు మేతతో పెట్టిరి. కొలత కిలో మేతకు ఇన్ని మైక్రోగ్రాములని. కిలోకు ఒక మైక్రోగ్రామనగా వేయి టన్నుల మేతలో ఒక్క గ్రాము వేసి కలిపినట్టి పాలు.

విషము లేని గుంపులో 18 ఎలుకలుండగా ఒక్కదానికిని కాలేయపు రాచపుండు రాలేదు. కిలోకు 1 మైక్రోగ్రాము పెట్టిన 22 ఎలుకలలో రెండింటికి, 5 పెట్టిన 22లో ఒకదానికి, 15 పెట్టిన 21లో నాలుగింటికి, 50 పెట్టిన 25లో ఇరువదింటికి వచ్చినది. 100 పెట్టిన 28 ఎలుకలలో ఒక్కటియు తప్పించుకొనలేదు. మోతాదు పెరిగినకొలది రోగము పెరుగుట, విషమే కారణమనుటకు బలమైన నిదర్శనము. కాని శ్రద్ధగల పాఠకుడు ఒక సందేహము అడుగవచ్చును: 1 పెట్టినప్పుడు రెండును, 5 పెట్టినప్పుడు ఒకటియునా? విషము పెరుగగా రోగము తగ్గినదా? తగ్గలేదు. ఇరువది రెండు ఎలుకలలో ఒకటికిని రెండింటికిని గల తేడా యాదృచ్ఛికముగా రావచ్చును. చిన్న గుంపులు చిన్న తేడాలను చెప్పలేవు.

ఈ అశక్తతయందే విషపరీక్షాశాస్త్రపు ముఖ్యమైన చిక్కు కలదు. వేయిమందిలో ఒకనికి వ్యాధి తెచ్చు విషము కోట్ల జనసంఖ్య గల దేశములో వేలకొలది కుటుంబములను దుఃఖముపాలు చేయును. కాని అట్టి విషమును అదే మోతాదులో ఎలుకలపై పరీక్షించి, కనీసము ఒక్కదానిలోనైనను రోగమును చూడగలమని నూటికి 95 పాళ్ల నమ్మకము కలుగవలెనన్నచో సుమారు 3,000 ఎలుకలు కావలెను. సాధారణముగా ఒక్కొక్క మోతాదునకు యాబది మగ, యాబది ఆడ ఎలుకలను మాత్రమే పెట్టుదురు. అందుచే శాస్త్రజ్ఞులు మోతాదును హెచ్చించి, రోగము స్పష్టముగా కనబడు చోటునుండి, అది కనబడని తక్కువ మోతాదులకు గణితముద్వారా దిగివత్తురు. “ఎలుకకు అంత పెట్టినచో రోగము రాక ఏమగును?” అని ఆక్షేపించువారు ఈ కారణమును గ్రహింపవలెను, ఎక్కువ మోతాదు పెట్టుట, తక్కువ ఎలుకలతో ఎక్కువ జనుల క్షేమమును విచారించుటకై ఏర్పడిన పద్ధతి. అయినను ఆ దిగివచ్చు మార్గమున ఊహకు కొంత చోటు కలదనుటయు నిజమే.

హైదరాబాదు ఎలుకలు

ఈ కథలో మన నేలకును ఒక ముఖ్యమైన పాత్ర కలదు. నీలగిరులలోని కూనూరులో మెకారిసన్ దొర 1918లో బెరిబెరి వ్యాధిపై ప్రారంభించిన చిన్న పరిశోధనశాఖ, కాలక్రమమున పోషకాహార పరిశోధనశాలలుగా పెరిగి, 1950ల చివర హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు పొందినది. కూనూరు దినములలో మెకారిసన్ భారతదేశపు వివిధ ప్రాంతముల భోజనములను ఎలుకల గుంపులకు వేరువేరుగా పెట్టి, వాని ఎదుగుదలను పోల్చి చూచి ప్రసిద్ధుడయ్యెను. కావున ఎలుకలను అడిగి తెలిసికొనుట ఆ సంస్థకు పుట్టుకతో వచ్చిన విద్య.

1960లలో మన దేశమునకు వేరుశనగ పిండి ఒక ఆశాదీపముగ కనబడినది. మాంసకృత్తులు చాలక కాళ్లు ఉబ్బి, జుట్టు ఎర్రబారి, కడుపు ముందుకు వచ్చిన పసిపిల్లలకు, చవుకగా దొరకు బలమైన ఆహారము అదియే. సరిగా ఆ కాలముననే అందులో విషముండవచ్చునను వార్త వచ్చినది. బిడ్డను ఆకలినుండి కాపాడు పిండియే పిదప రాచపుండును తెచ్చునేని ఏమి చేయవలెను? పిండిని పూర్తిగా నిషేధించినచో పిల్లలు నేడే చత్తురు. విడిచిపెట్టినచో ఎప్పుడో చత్తురు. ఐక్యరాజ్యసమితి సంస్థల మాంసకృత్తుల సలహామండలి 1966లో కిలోకు 30 మైక్రోగ్రాములను హద్దుగా నిర్ణయించినది. అది ఈ రెండు మృత్యువులను తక్కెడలో పెట్టి తూచి వేసిన హద్దు. మన దేశపు ఆహారనిబంధనలలోను ఆ అంకెయే చాలకాలము నిలిచియుండెను.

హైదరాబాదు పరిశోధనశాలలో గోపాలన్, తుల్పులే, మాధవన్ మొదలగువారు ఈ సందిగ్ధమునే ఎలుకలముందును కోతులముందును ఉంచిరి. పోషణ లోపించిన శరీరము ఈ విషమును ఎట్లు భరించును అనునది వారి ప్రశ్న. మాంసకృత్తులు తక్కువైన మేత తిను చిన్న ఎలుకల కాలేయములు విషపు తొలి దెబ్బకు ఎక్కువగా చెడిపోవుచున్నవని 1965లో మాధవన్, గోపాలన్ తెలిపిరి. కాని అదే విషమును చాలకాలము పెట్టి చూచిన పిమ్మట, 1968లో వారు ప్రకటించిన ఫలితము పైకి దీనికి విరుద్ధముగా కనబడినది: మాంసకృత్తులు నూటికి 20 పాళ్లు గల మేత తిన్న ఎలుకలలో రాచపుండు లక్షణములు పుట్టినవి, 5 పాళ్లు మాత్రమే తిన్నవానిలో పుట్టలేదు.

దీనికి వివరణ కాలేయపు పనితనములోనే కలదు. అఫ్లటాక్సిన్ తనంతట తాను రాచపుండును పుట్టింపదు. దేహములో చేరిన పరాయి పదార్థములను కరగించి వెళ్లగొట్టుటకై కాలేయములో గల కిణ్వములే దానిని మార్చబోయి, జన్యుపదార్థమునకు అతుక్కొను చురుకైన రూపమును తయారుచేయును. మాంసకృత్తులు చాలని కాలేయములో ఆ కిణ్వములు కొరవడును. కావున ఆ రూపమును తక్కువగానే తయారగును. కాని ఇందువలన పస్తులుండుట మేలని తలచుట ఘోరమైన పొరపాటు. బలహీనమైన కాలేయము విషపు తొలి దెబ్బకే కూలిపోవునని ఆ ఎలుకలే చెప్పినవి గదా. రాచపుండు వచ్చుటకు ముందు ప్రాణి బ్రదికియుండవలెను. విషము ఒంటరిగా పనిచేయదు, తినువాని తిండితోను దేహస్థితితోను కలిసి పనిచేయును అనుటయే హైదరాబాదు ఎలుకలు లోకమునకు నేర్పిన పాఠము.

ఎలుక వేరు, మనిషి వేరు

ఎలుక చెప్పిన ప్రతిమాటయు మనిషికి వర్తించునా? వర్తింపదు. ఎలుకకు దగ్గరి చుట్టమైన చిట్టెలుకకే ఈ విషయము వర్తింపలేదు. ఎలుకలలో రాచపుండును లేపు మోతాదుకు అనేక రెట్లు పెట్టినను పెరిగిన చిట్టెలుక అఫ్లటాక్సినుకు లొంగలేదు. దాని కాలేయములోని మరియొక కిణ్వము విషపు చురుకైన రూపమును పుట్టినవెంటనే కట్టివేసి బయటకు పంపును. పరీక్షకు చిట్టెలుకనే ఎన్నుకొనియున్నచో ఈ విషము నిర్దోషియై బయటపడియుండెడిది. థాలిడోమైడ్ అను మందు వేలకొలది పసికందుల చేతులను కాళ్లను హరించినను, ఎలుకల గర్భములలో ఆ వైకల్యమును స్పష్టముగా చూపలేదు. కుందేళ్లును కోతులును చూపినవి. సాకరిన్ విషయమున ఇందుకు విపర్యయము జరిగినది: మగ ఎలుకల మూత్రాశయములలో కణితులు కనబడుటచే 1970లలో దానిపై నింద పడినది, తుదకు అది ఎలుక మూత్రపు ప్రత్యేక స్వభావమువలన కలుగు పరిణామమని తేలి, 2000లో అమెరికా ప్రభుత్వము దానిని రాచపుండు కలిగించు పదార్థముల జాబితానుండి తొలగించినది.

కావున ఎలుక మాట విన్న పిమ్మట, అది మనిషియందును నిజమా అని మానవజీవితములోనే వెదకి చూడవలెను. అఫ్లటాక్సిన్ విషయమున అట్టి నిదర్శనము దుఃఖకరముగ దొరకినది. 1974వ సంవత్సరపు శీతకాలమున రాజస్థాన్, గుజరాత్ రాష్ట్రముల సరిహద్దులోని గిరిజన గ్రామములలో, వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్నను వేరు గత్యంతరము లేక తిన్న 397 మందికి కామెర్లు వచ్చి, కడుపులో నీరు చేరి, వారిలో 106 మంది చనిపోయిరి. వారి అన్నములో పాలుపంచుకొన్న కుక్కలును చచ్చినవి. హైదరాబాదునుండి వెళ్లిన పోషకాహార సంస్థ వైద్యులు ఆ ధాన్యమును పరీక్షించి, వారు దినమునకు రెండునుండి ఆరు మిల్లీగ్రాముల అఫ్లటాక్సిన్ తినియుందురని లెక్కవేసిరి. పదునాలుగేండ్లక్రిందట టర్కీ పక్షులు చెప్పిన మాట మనుష్యులయందును నిజమని తేలిపోయినది.

నెమ్మదిగా పనిచేయు విషపు సంగతియు క్రమముగా తేలినది. ఈ విషమును ఎక్కువగా తిను ఆఫ్రికా, ఆసియా ప్రాంతములలో కాలేయపు రాచపుండు ఎక్కువగా నుండుట గమనించిరి. 1987లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనసంస్థ అఫ్లటాక్సినులను మానవులకు నిశ్చయముగా రాచపుండు తెచ్చు పదార్థముల మొదటి తరగతిలో చేర్చినది. 1991లో చైనాలోను ఆఫ్రికాఖండపు దక్షిణభాగములోను రోగుల కణితులలో, కణవిభజనను అదుపుచేయు పి53 అను జన్యువున ఒకే స్థానములో ఒకే విధమైన మార్పు మాటిమాటికి కనబడుట తెలిసినది. దొంగ విడిచిపోయిన వ్రేలిముద్ర వంటిది అది. హెపటైటిస్ బి వైరసు ఉన్నవానిలో ఈ విషము చేయు కీడు పలురెట్లు హెచ్చునని కూడ నేడు తెలియును. ఎలుక చెప్పినది ప్రథమసాక్ష్యము. దానిని మానవుల రోగచరిత్రయు, జన్యుశాస్త్రమును బలపరచిన పిమ్మటనే తీర్పు పూర్తియైనది.

మనము పడిన ఋణము

ఈ జ్ఞానమునకై ప్రాణములిచ్చినవి అడుగకుండ తేబడిన జీవులు. వానిని మరచి ఫలితమును మాత్రము అనుభవించుట ధర్మము కాదు. 1959లో ఇంగ్లండులో రస్సెల్, బర్చ్ అను ఇరువురు, జంతువులకు బదులు వేరొకటి పనికివచ్చునేని దానినే వాడవలెననియు, తప్పనప్పుడు సంఖ్య తగ్గింపవలెననియు, బాధను తగ్గించు పద్ధతులను అనుసరింపవలెననియు మూడు సూత్రములను ప్రతిపాదించిరి. మరుసటి యేడే, అనగా టర్కీ పక్షులు చచ్చిన 1960లోనే, మన పార్లమెంటు జంతుహింసా నివారణ చట్టమును చేసినది. ప్రయోగములపై పర్యవేక్షణసంఘము ఆ చట్టము క్రిందనే ఏర్పడినది.

ఆ సూత్రములు వట్టి మాటలుగా మిగిలిపోలేదు. 1970లలో బ్రూస్ ఏమ్స్ అను శాస్త్రజ్ఞుడు జన్యుపదార్థమును చెరుచు రసాయనములను సూక్ష్మజీవులపై పరీక్షించు పద్ధతిని కనుగొనెను. సూక్ష్మజీవికి కాలేయము లేదు గనుక, అఫ్లటాక్సిన్ వంటివానిని చురుకైన రూపమునకు మార్చుటకు ఎలుక కాలేయపు సారమును ఆ పాత్రలో కలుపుదురు. ఒక్క ఎలుక కాలేయముతో అనేక పరీక్షలు జరుగును. పూర్వము యేండ్లు పట్టిన తొలివిచారణ కొలది దినములలో ముగియును. అయినను గర్భము, పెరుగుదల, ముసలితనము అన్నియు కలిసిన సంపూర్ణ జీవితములో విషమేమి చేయునో సూక్ష్మజీవి చెప్పలేదు. అందుచే ఎలుకల అవసరము తగ్గినదే కాని తీరలేదు.

ఋణము తీర్చుటకు ముఖ్యమైన మార్గము వేరే కలదు: అవి చెప్పినదానిని వృథాపోనీయకుండుట. అనంతపురము వంటి వర్షాభావ ప్రాంతములలో కాయ ఊరు దశలో వానలు ముఖము చాటుచేసినప్పుడు, నేలలోని బూజు బలహీనమైన కాయలోనికి ప్రవేశించును. పెరికిన పిమ్మట వాన పడినచో కుప్పలలో ప్రబలును. గింజను గానుగ ఆడించినప్పుడు విషములో అధికభాగము చెక్కలోనే నిలుచును. ఆ చెక్క తిన్న ఆవుపాలలో అది రూపు మార్చుకొని మరల మన బిడ్డల నోటికే వచ్చును. చేదు తగిలిన పలుకును ఉమియుట మన నాలుక ఎరుగును. రుచి తెలియని ఈ విషమును కళ్లమునందే ఆపుట మన చేతులు నేర్వవలెను.

అందుచే రైతులకును గృహిణులకును నా విన్నపము ఇది. వేరుశనగను పెరికినవెంటనే కాయలు పైకి వచ్చునట్లు త్రిప్పి ఎండబెట్టుడు. చేతబట్టి ఊపినప్పుడు గింజ గలగలలాడువరకు కొట్టులో పోయకుడు. తడి నేలపై, గాలి ఆడని సంచులలో నిలువచేయకుడు. పగిలినవి, ముడుతలు పడినవి, రంగు మారినవి, బూజు పట్టినవి ఏరివేయుడు. ఏరినవానిని చట్నీకి వాడకుడు, గానుగకు పంపకుడు, పాడిపశువునకు పెట్టకుడు, మట్టిలో పూడ్చివేయుడు.